దగ్గేవారి లెక్క ఎవరు వ్రాస్తారు?



గత వేసవిలో మా ఆసుపత్రి పాత ఓ.పి. రిజిస్టర్లు సర్దుతుండగా ఒకే పేరు మాకు ఐదు చోట్ల కనబడింది. మనిషి ఒక్కరే, ఊరు ఒక్కటే. ఎదురుగా ఉన్న జబ్బు పేరు మాత్రం ప్రతిసారీ వేరు. మొదటిసారి 'బ్రాంకైటిస్', తరువాతి వానాకాలం 'ఆస్తమా', ఆ పై ఏడు 'టి.బి. అనుమానం', ఇంకోసారి 'గుండె జబ్బు?' అని ప్రశ్నార్థకం. చివరిసారి జబ్బు పేరే లేదు, 'ఆయాసం' అని ఒక్క మాట. ఐదుసార్లూ వ్రాసింది మేమే. చేతివ్రాత కూడా గుర్తుపట్టగలం.

ఆమె శ్రీకాకుళం జిల్లాలో మేము వారానికోసారి వెళ్ళే పల్లెవాసి. ముప్పై ఏళ్ళకు పైగా కట్టెల పొయ్యి మీద వంట. వయసులో ఉండగా కొన్నేళ్ళు జీడిపిక్కలు కాల్చే చోట కూలి. చలికాలం వచ్చిందంటే దగ్గు, తెమడ, పిల్లికూతలు. డెరిఫిలిన్ ఇంజక్షను వేసి, నాలుగు రోజుల మాత్రలిచ్చి పంపేవాళ్ళం. తెమడ పరీక్షలో టి.బి. ఎన్నడూ కనబడలేదు. అయినా ఎక్కడో ఒకచోట ఆరు నెలలు టి.బి. మందులు కూడా మింగింది. మొన్న సంక్రాంతి వెళ్ళాక ఇంటి దగ్గరే పోయింది. వయసు 58. పంచాయతీ పుస్తకంలో మరణ కారణం దగ్గర 'వృద్ధాప్యం' అని ఉందని ఆమె కూతురు చెప్పింది.

58 ఏళ్ళకు వృద్ధాప్యమేమిటని ఆ పంచాయతీ ఉద్యోగిని తప్పుపట్టలేము. వైద్యులమైన మేమే ఐదుసార్లు ఐదు పేర్లు వ్రాశాము. ఆయన కుటుంబం చెప్పిన మాట వ్రాశాడు.

ఇదే మనిషికి టి.బి. ఉందని తేలి ఉంటే కథ ఇలా ఉండేది కాదు. 2012 మే నుంచి టి.బి. మన దేశంలో తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బు. ప్రైవేటు డాక్టరు కూడా చెప్పి తీరాలి. పేరు నిక్షయ్‌లో చేరుతుంది, ఒక నంబరు వస్తుంది. మందు ఎప్పుడు మొదలయింది, తెమడ ఎప్పుడు పరీక్షించారు, మధ్యలో మానేశారా, నయమైందా, చనిపోయారా, అన్నిటికీ గడులున్నాయి. పోషణ కోసం ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు, 2024 నవంబరు నుంచి దానిని 1,000 చేశారు. రోగి రెండు వారాలు కనబడకపోతే ఎవరో ఒకరు తలుపు తడతారు. ఈ ఏర్పాటులో లోపాలు లేవని మేము అనము. కాని ఆ రోగి ఉన్నాడని ప్రభుత్వానికి తెలుసు.

సి.ఓ.పి.డి. రోగికి అలాంటి పుస్తకం లేదు. సి.ఓ.పి.డి. అంటే ఏళ్ళ తరబడి పొగ, దుమ్ము పీల్చడం వలన ఊపిరితిత్తుల లోపలి గాలి గొట్టాలు ఇరుకై, గాలి బయటకు సరిగా రాని జబ్బు. ఉబ్బసం వచ్చి పోతుంది, మధ్యలో మనిషి మామూలుగా ఉంటాడు. ఇది వస్తే పోదు, మెల్లమెల్లగా ముదురుతుంది.

ఇంకొక సంగతి మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతోంది. టి.బి. మందులు పూర్తి చేసినవారిలో కొందరికి ఊపిరితిత్తుల్లో మచ్చలు, మూసుకుపోయిన గొట్టాలు మిగిలిపోతాయి. క్రిములు చచ్చాయి, ఆయాసం చావలేదు. టి.బి. రిజిస్టరులో 'నయమైంది' అని వ్రాసి ఆ వరుస ముగిస్తాము. ఆ మనిషికి రెండో జబ్బు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. దానికి రెండో రిజిస్టరు లేదు.

మరి దేశంలో ఇంతమంది సి.ఓ.పి.డి. రోగులున్నారని పత్రికలు వ్రాసే అంకెలు ఎక్కడివి? 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో మన దేశపు రాష్ట్రాలవారీ లెక్క ఒకటి వచ్చింది. దాని ప్రకారం 1990లో 2 కోట్ల 81 లక్షల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి 5 కోట్ల 53 లక్షల మందికి చేరింది. దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధుల వలన ప్రపంచం మొత్తం మీద మనుషులు పోగొట్టుకుంటున్న ఆరోగ్యవంతమైన జీవితకాలంలో 32 శాతం మనవారిదే. ఆ పని చేసినవారు పెద్దలు, వారి శ్రమను తక్కువ చేయము. కాని అది ఒక్కొక్క తలను లెక్కపెట్టిన అంకె కాదు. అక్కడక్కడ జరిగిన సర్వేలను, దొరికిన మరణాల వివరాలను గణితంతో కలిపి కట్టిన అంచనా. ఢిల్లీలో విధానం వ్రాసేవారికి అది చాలు. మా మండలంలో ఏ ఊళ్ళో ఎంతమంది ఊపిరి ఆడక మంచం పట్టారో అందులోంచి తీయలేము.

అసలు మరణాల లెక్కే సగం చీకటిలో ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం వ్రాసి ఇచ్చినవి 22.5 శాతం మాత్రమే. మిగతావాటికి 'వృద్ధాప్యం', 'సహజ మరణం', 'జ్వరం' అని ఇంటివారు చెప్పిన మాటే గతి.

ఆ డాక్టరు వ్రాసిన కాగితాలైనా సరిగా ఉన్నాయా అంటే, ఇతరుల సంగతి ఎందుకు, మా సంగతే చెబుతాము. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే ఫారం 4 నింపాలి. అందులో మొదట చివరి ఘడియలో ఏమైంది, దాని కింద అందుకు దారితీసినది, అన్నిటికన్నా కింద అసలు మూలమైన జబ్బు వ్రాయాలి. లెక్కకు వచ్చేది ఆ అట్టడుగు వరుసే. మేము ఒక పాత కట్ట విప్పి చూస్తే చాలా కాగితాల్లో పైవరుసలో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఉంది, కింది వరుసలు ఖాళీ. గుండె, ఊపిరి ఆగిపోయాయట! చనిపోయిన ప్రతివారికీ ఆగేవి అవే కదా. అలా వ్రాయకూడదని ఫారం వెనుకే సూచన ఉంటుంది. అర్ధరాత్రి డ్యూటీలో, ఏడుస్తున్న బంధువుల మధ్య, అంబులెన్సు ఇంజను ఆన్ చేసి ఉండగా, వెనుకవైపు తిప్పి చదివేవారెవరు? ఇది కుర్ర డాక్టర్ల తప్పని అనుకునేవాళ్ళం. కట్టలో సీనియర్ల సంతకాలు కూడా ఉన్నాయి.

ఇక పరీక్ష మాట. దగ్గు, ఆయాసం వినగానే సి.ఓ.పి.డి. అని వ్రాసేస్తే అది లెక్క కాదు, ఊహ. దీనికి ఊది చూసే పరీక్ష చేయాలి. ఆ యంత్రాన్ని స్పైరోమీటర్ అంటారు. రోగి గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, ఒక్క ఉదుటున ఊదాలి. లోపల ఉన్నదంతా అయిపోయేదాకా, కనీసం ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి. పీల్చే మందు ఇచ్చాక పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ ఊదించాలి. ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులోనే 70 శాతమైనా బయటకు రాకపోతే గొట్టాలు ఇరుకైనట్టు. (బాగా ముసలివారిలో ఈ 70 అనే గీత కొంచెం ఎక్కువమందిని పట్టేస్తుందనీ, చిన్నవయసువారిలో కొందరిని వదిలేస్తుందనీ డాక్టర్లలో వాదన ఉంది. ఆ వాదన మాకు తెలుసు. గీత ఎక్కడ గీయాలని పోట్లాడేముందు అసలు ఊదించాలి కదా అని మా ఉద్దేశం.)

వ్రాసినంత తేలిక కాదు ఊదించడం. పళ్ళు లేని తాతలకు పెదాల పక్కనుంచి గాలి పోతుంది. కొందరు రెండు సెకన్లకే ఆపి నవ్వుతారు. "ఊదు తాతా, ఊదు, ఇంకా ఊదు" అని అరిచి అరిచి సాయంత్రానికి మా టెక్నీషియను గొంతు బొంగురుపోతుంది. కోవిడ్ రోజుల్లో, అందరూ ఊదే యంత్రమని భయపడి మేము దాన్ని అలమారులో పెట్టి తాళం వేశాము. కోవిడ్ పోయిన చాలాకాలానికి కూడా తీయలేదు. పై సంగతులన్నిటికీ ఎవరినో అనవచ్చు గాని దీనికి మేము తప్ప ఎవరూ జవాబుదారీ కాదు. పాత రిజిస్టరులోని ఆమె చివరి రెండుసార్లు వచ్చింది ఆ తాళం వేసి ఉన్న రోజుల్లోనే.

పల్లెల్లో ఎవరూ ఏమీ అడగడం లేదని కాదు. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తీసుకువెళ్ళే ఫారంలో వంటకు ఏ చెరకు వాడుతున్నారు, దుమ్ము పొగ ఉన్న పని చేస్తారా, ఆయాసం వస్తుందా అనే ప్రశ్నలున్నాయి. మంచి ప్రశ్నలు. కాని బి.పి.కి పట్టీ ఉంది, షుగరుకు వేలి మీద గుచ్చే సూది ఉంది. ఆయాసం ఉందన్నవారిని తీసుకువెళ్ళి ఊదించేందుకు దగ్గరలో ఏమీ లేదు. ఫారంలో టిక్కు పడుతుంది, కథ అక్కడితో ఆగుతుంది.

అడిగే పద్ధతి కూడా ఒకమారు చూడాలి. మా క్యాంపులో ఒక పెద్దావిడను "పొగ తాగుతావా అమ్మా?" అని అడిగాము. "పొగ తాగడమేటి బాబూ, ఆడమనిషిని! అడ్డచుట్ట పెడతాను, అంతే" అన్నది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డచుట్ట మన ఉత్తర కోస్తా ఆడవారిలో పాత అలవాటు. దానివలన అంగిలికి వచ్చే పుండు, క్యాన్సరు గురించి డాక్టర్లు అయిదు దశాబ్దాలుగా వ్రాస్తున్నారు. అదే పొగ ఊపిరితిత్తులకూ పోతుందని మాత్రం ఎవరికీ పట్టలేదు. 'పొగ తాగరు' అని టిక్కు పెడితే ఆమె లెక్కలోంచి పోయినట్టే. గ్యాసు సంగతీ అంతే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాక ఇంట్లో సిలిండరు ఉందా అంటే చాలామంది ఉందనే అంటారు. నిజమే, ఉంది. టీ కాచుకోవడానికి. అన్నానికి, స్నానం నీళ్ళకు ఇంకా కట్టెలే. కనుక సిలిండరు ఉందా అని కాదు, నిన్న రాత్రి అన్నం దేనిమీద వండారని అడగాలి. మేము అలాగే అడుగుతున్నాము.

ఈ అడగడానికి విలువ ఎందుకంటే, పైన చెప్పిన 2018 లెక్కలోనే సి.ఓ.పి.డి. భారంలో 53.7 శాతం గాలి కాలుష్యానికి, 25.4 శాతం పొగాకుకు, 16.5 శాతం పనిచేసే చోటి దుమ్ము ధూళికి చెందుతుందని ఉంది. ఇంటి పొయ్యి పొగ కూడా గాలి కాలుష్యంలోనే వస్తుంది. బీడీ మానమని చెప్పి ఇంటికి పంపితే పని అయిపోయిందనుకునే మా వంటివారికి ఇది చెంపపెట్టు.

కొందరు మిత్రులు ఈ మాట వినగానే, "మందులకే దిక్కులేదు, లెక్కలెందుకండీ?" అంటారు. వారికి దూరం వెళ్ళకుండానే జవాబు చెప్పవచ్చు. ఉద్దానం సంగతి తీసుకోండి. అక్కడ కొబ్బరి తోటల మధ్య మనుషులు కిడ్నీలు పాడై చనిపోతుంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. డాక్టర్లు ఊరూరా రక్తం తీసి క్రియాటినిన్ చూసి, పేర్లు వ్రాసి, అంకెలు ముందు పెట్టారు. కారణం ఏమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పింఛను వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. చాలా ఆలస్యమైందని అక్కడివారి కోపం, ఆ కోపం న్యాయమే. కాని అంకె లేకపోతే అంత కూడా వచ్చేది కాదు. అదే పలాస చుట్టుపక్కల జీడి పొగ పీల్చినవారి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయని అడిగితే చూపించడానికి మా చేతిలో కాగితం లేదు.

రాళ్ళ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బు. చట్టంలో ఉన్నంత మాత్రాన ఏమీ జరగలేదు, ఎందుకంటే తెలియజేసేవారు లేరు. మంద్‌సౌర్‌లో పలకబలపాలు కోసే కూలీల ఛాతీలు పరీక్షించి చూపాక 1982లో మధ్యప్రదేశ్‌లో వారి సంక్షేమ నిధికి చట్టం వచ్చింది. రాజస్థాన్‌లో నమోదైన రోగికి, చనిపోతే కుటుంబానికి సాయం ఇవ్వడం మొదలుపెట్టేసరికి వేల సంఖ్యలో పేర్లు బయటపడ్డాయి, 2019లో అక్కడ సిలికోసిస్ విధానం కూడా వచ్చింది. అంతకుముందు ఆ మనుషులు లేరా? ఉన్నారు. వారిని కూడా టి.బి. అనే వ్రాసేవారు.

మందుల మాటకు కూడా జవాబు లెక్కలోనే ఉంది. సాల్బుటమాల్, టియోట్రోపియం, బుడెసొనైడ్ వంటి పీల్చే మందులు 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్న మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలంటే అక్కడినుంచి ఇండెంటు వెళ్ళాలి. ఇండెంటులో ఎన్ని వ్రాయాలి? రిజిస్టరులో సి.ఓ.పి.డి. రోగి ఒక్కడూ లేకపోతే ఫార్మసిస్టు సున్నా వ్రాస్తాడు. మందు లేదు కనుక జబ్బు వ్రాయము, జబ్బు వ్రాయలేదు కనుక మందు రాదు. మధ్యలో డెరిఫిలిన్ ఇంజక్షను రాజ్యమేలుతుంది.

ఒక్క అభ్యంతరం మాత్రం మేము తీసిపారేయలేము. "నా పేరు వ్రాస్తే పనిలోంచి తీసేస్తారు" అని ఒక క్రషర్ కూలీ అన్నాడు. ఊదకుండానే లేచి వెళ్ళిపోయాడు. అతని భయం ఉత్తది కాదు. కూలి పోతే అతనికి రాత్రి తిండి లేదు, ఊపిరితిత్తులు పోయేది పదేళ్ళ తరువాత. పేరుతో ఉన్న జాబితా యజమాని చేతికి పోకూడదు, ఊరి పేరు, పని పేరు, సంఖ్య మాత్రమే బయటకు రావాలి. ఆ నమ్మకం కలిగించకుండా పెట్టే రిజిస్టరు కూలీలకు మేలు కన్నా కీడు చేయవచ్చు. అతనికి ఆ రోజు చెప్పడానికి మా దగ్గర గట్టి మాట ఏదీ లేకపోయింది.

మిషన్ ఆసుపత్రులకు ఈ లెక్కల పని కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన టి.బి. శానటోరియం గురించి మీలో చాలామందికి తెలుసు. అక్కడి డాక్టర్ జొహానెస్ ఫ్రిమాట్ మొల్లర్, ఆయన సహచరులు 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లె ప్రజలను ఇంటింటికీ తిరిగి పరీక్షించి టి.బి. ఎంత ఉందో వ్రాశారు. 1960లో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. కంప్యూటరు లేదు, సెల్‌ఫోను లేదు. రోగి గుమ్మంలోకి వచ్చేదాకా ఆగకుండా, రానివారు ఎంతమందో చూడాలనుకున్నారు. మన చేతిలో ఇన్ని సౌకర్యాలుండి ఒక నోటుపుస్తకం పెట్టలేమా?

మేము పెట్టాము. గొప్ప సాఫ్ట్‌వేరు కాదు, ఎర్రగీతల లెడ్జరు పుస్తకమే. పేరు, ఊరు, వయసు, ఇప్పటిదాకా చేసిన పనులన్నీ, పొయ్యి, చుట్ట లేక బీడీ, పాత టి.బి., ఊదిన రెండు అంకెలు, తేదీ. చలికాలం ముందు ఒకసారి ఫోను. చివర ఒక గడి, ఎప్పుడు, ఎక్కడ, దేనివలన పోయారో వ్రాయడానికి. ఫారం 4 నింపేటప్పుడు డ్యూటీ డాక్టరు ఈ పుస్తకం తెరిచి చూడాలని నియమం పెట్టుకున్నాము.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి పెద్దవి కావు. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక స్పైరోమీటరు, దాన్ని ఊదించడం నేర్చిన ఒక మనిషి. యంత్రం ఒక్కటే పంపితే అది కూడా అలమారులోకే పోతుంది, మా అనుభవంతో చెబుతున్నాము. బి.పి., షుగరు వివరాలతో పాటు ఊదిన అంకె కూడా అదే పోర్టల్‌లో చేరాలి. ఇంటి దగ్గర పోయినవారి విషయంలో ఏ.ఎన్.ఎం. వెళ్ళి ఏడాదిగా దగ్గు ఉందా, నడిస్తే ఆయాసం వచ్చేదా అని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏడాదికోసారి జిల్లా అంకె బయట పెట్టాలి.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఇంట్లో దగ్గుతో ఉన్న పెద్దవారి చీటీలు, ఎక్స్‌రేలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచండి, డాక్టరు మారినప్పుడల్లా కొత్త కథ మొదలుకాకుండా ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరైనా కన్నుమూస్తే మరణ కారణం కాగితం ప్రతి దగ్గరి బంధువుకు ఇవ్వాలని 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. అడిగి తీసుకోండి, చదవండి, అర్థం కాకపోతే అడగండి. మా ఆసుపత్రిలో అయినా సరే. ఇంటి దగ్గర పోతే 21 రోజుల లోపల పంచాయతీలో నమోదు చేయించేటప్పుడు ఎన్నేళ్ళుగా ఏ జబ్బుతో ఉన్నారో చెప్పండి, ఉన్న చీటీ చూపించండి.

గురువారాలు ఉదయం ఊది చూసే పరీక్ష ఉంటుంది. ఆ ఉదయం పీల్చే మందు వాడకుండా రాగలిగితే మంచిది, కాని ఆయాసం ఎక్కువగా ఉంటే మందు వాడే రండి. వదులు బట్టలు వేసుకోండి, కడుపు నిండా తిని రాకండి. కట్టుడు పళ్ళుంటే తీయకండి, వాటితోనే పెదాలు బాగా బిగుస్తాయి.

లెడ్జరులో మొదటి వరుస పాత రిజిస్టరులోని ఆమెకే ఇచ్చాము. పనులు, పొయ్యి, మందులు, అన్నీ కూతురిని అడిగి నింపాము. మరణ కారణం దగ్గర 'సి.ఓ.పి.డి.' అని వ్రాయబోయి ఆగిపోయాము. ఆమె చేత మేము ఒక్కసారి కూడా ఊదించలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది. రెండో వరుసలో కూతురి పేరు ఉంది, వచ్చే గురువారం వస్తానన్నది.